అరిచి చెప్పే మాట కాదు

మా బావ వాళ్ళది వెనక్కి నడిచి బతికే వంశం. తాడు పేనేవాడు ముందుకు నడిస్తే తాడు రాదు మరి. నడుముకి నార మోపు కట్టుకుని, దాని కొసని రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ళ సందుల్లోంచి నారని సమంగా వదులుతూ అడుగడుగే వెనక్కి జరగాలి. రాట్నం దగ్గర ఇంకొకరు కూర్చుని తిప్పుతుండాలి. ఆ తిప్పే మనిషి మా అక్క. అలా ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే దూరమవుతూ ఉంటారు. షెడ్డు అవతలి కొసన పాతిన గుంజకి పేనిన పేట కట్టేశాక గానీ బావ ముందుకు అడుగు వెయ్యడు.

"మా తాత వెనక్కే, మా నాన్న వెనక్కే. ముందుకొచ్చినవాడు మా వంశంలో ఒక్కడూ లేడు" అని ఆయనే అందరినీ నవ్వించేవాడు.

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాక, నేను రెంటికీ చెడి ఉన్న ఎండాకాలమది. అక్క ఫోన్ చేసింది. "బావకి కాలు బాలేదురా. నాలుగు రోజులు వచ్చి ఉండు." నాలుగు రోజులనుకుని వెళ్ళినవాణ్ణి, వానలు పడి బోట్లన్నీ నీళ్ళలోకి దిగేదాకా అక్కడే ఉండిపోయాను.

వెళ్ళిన మర్నాడే ముగ్గురం ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ బావ ఎడమ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని, వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసింది. చిటికెన వేలి కొస కాలిపోయిన వత్తిలా నల్లగా ఉంది. పక్కన ఎంతకీ మానని పుండు.

"సిగరెట్లు ఎప్పట్నుంచి?"

"మీసం రాకముందు నుంచమ్మా."

"నడుస్తుంటే పిక్క పట్టేస్తోందా?"

"సగం పేట అయ్యేసరికి పట్టేస్తుంది. కాసేపు నిలబడితే వదులుతుంది."

"పొగ వల్ల నీ కాల్లోకి రక్తం వెళ్ళే దారులు మూసుకుపోతున్నాయి. పుండుకి నా దగ్గర మందుంది. దానికి లేదు. జేబులో ఉన్నది పారేస్తే పాదం నీది. పారేయకపోతే ముందు వేళ్ళు పోతాయి, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. వానలు మొదలవగానే రా. ఉంచాలో కొయ్యాలో అప్పుడు చెప్తాను."

"నా పనంతా కాళ్ళతోనే అమ్మా" అన్నాడు బావ, అదేదో ఆవిడ మరిచిపోయినట్టు.

"అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా" అని ఆవిడ ఒక కాగితం తీసి అక్క చేతికిచ్చింది. దాని నిండా ఎవరిదో నల్లబడి కుళ్ళిన పాదం బొమ్మ.

మెట్లు దిగామో లేదో బావ చెయ్యి జేబులోకి పోయింది. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

"ఇప్పుడేగా ఆవిడ అంతలా చెప్పింది!" అంది అక్క.

"అంతలా చెప్పింది కాబట్టే" అన్నాడు బావ, పొగ లోపలికి పీల్చి.

ఆ మాటకి అక్క ఏడ్చింది. ఏడుపు చూడలేక ఆయన ఇంకోటి ముట్టించాడు.

*

అక్క ఆ బొమ్మని గుంజకి అతికించింది. సరిగ్గా బావ కళ్ళ ఎత్తున. ఎందుకంటే ఆయన సిగరెట్లకి ఆ గుంజే అడ్డా. పేట కొస చేరగానే ఒక చేత్తో గుంజకి ముడేసి, రెండో చేత్తో జేబు తడుముకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. తాడు ముడి ఎంతో అగ్గిపుల్ల అంత. ఒకటి లేకుండా రెండోది ఆయన ఎరగడు.

బొమ్మ పెట్టాక ఏమైందంటే, ముడి వేసి, బొమ్మ వంక చూసి, మొహం తిప్పుకుని, ఇదివరకు ఒకటి కాల్చేవాడు రెండు కాల్చడం మొదలుపెట్టాడు.

వాళ్ళ పిల్లదాన్ని సెలవులకి మా ఊరు పంపేశారు. ఇంట్లో అది చూడదగ్గవేమీ జరగడం లేదు. అక్క చొక్కాల జేబులు తిప్పి చూసేది, దిండు కింద వెతికేది. బావ నార మోపుల్లో దాచేవాడు. నార పక్కన అగ్గిపెట్టె! తాత ముత్తాతల నుంచి ఆ షెడ్డులో ఎవరూ చెయ్యని పని.

అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, పద్ధతి వేరు. "మాటలకి లొంగే ఘటం కాదు వీడు. కళ్ళారా చూస్తే గానీ బుద్ధి రాదు" అని వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన్ని పిలుచుకొచ్చింది. పొగ వల్లే ఒక కాలు మోకాలి దాకా తీయించుకున్నాయన. చంకలో కర్రతో టకటకమంటూ వచ్చి, బావ ఎదురుగా కూర్చుని, ప్యాంటు మడత విప్పి చూపించాడు.

"లేని కాలు దురద పెడుతుందయ్యా. గోక్కుందామని చెయ్యి పెడితే అక్కడ ఏముంది? కుర్చీ!"

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేవాడి కళ్ళలోనూ తిరిగాయి. అత్తయ్య మా వైపు గెలిచినట్టు చూసి, ఆయనకి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. టీ తెచ్చేసరికి ఇద్దరూ చెరొక సిగరెట్టు ముట్టించి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉన్నారు.

"ఓరి మీ దుంపతెగ!"

"ఏం చెయ్యమంటావమ్మా, ఈయన బాధ చూస్తే తట్టుకోలేకపోయా" అన్నాడు బావ.

"నేనూ మానేసి చాలాకాలమైందమ్మా. ఇవాళ మీరే గుర్తుచేశారు" అన్నాడు గడియారాలాయన, తప్పుచేసిన పిల్లాడిలా.

"మీరంతా కలిసి నన్ను పొమ్మనలేక పొగబెడుతున్నారు" అని బావ లేచిపోయాడు.

"పొగబెడుతున్నది నువ్వురా! మేం దగ్గుతున్నాం" అంది అత్తయ్య వెనకనుంచి.

వేరే రోజుల్లో అయితే అందరం పడీపడీ నవ్వాల్సిన మాట. ఎవరం నవ్వలేదు.

*

తాడు పేనేటప్పుడు మనిషి ఆగకూడదు. మనిషి ఆగి రాట్నం తిరిగితే ఆ చోట పురి ఎక్కువై గడ్డ కడుతుంది. అక్క ఆయన మొహం చూసి, పిక్క పట్టేసిందని కనిపెట్టి, చటుక్కున చక్రం ఆపేది. అయినా ఎంత చటుక్కున ఆపినా ఒక చుట్టు తిరిగే తీరుతుంది. ఆ ఎండాకాలం మోకులన్నిటికీ నడుమ గడ్డలే.

రేవు మేస్త్రీ వచ్చాడు. బోట్లన్నిటికీ మోకులు మా బావ దగ్గరే తీసుకునే మనిషి. అరచేతిలోంచి మోకు జార్చుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

"ఇది మోకా, ఎలకని మింగిన పామా?"

బావ తల దించుకున్నాడు.

"గాలివానలో బోటు లాగితే ఇక్కడే తెగుతుంది. బోట్లో మనుషులుంటారు. మీ నాన్న కాలం నుంచి వస్తున్నా కాబట్టి ఇంకోసారి చూస్తా. ఈసారి కూడా ఇలాగే ఉంటే ఫ్యాక్టరీ తాళ్ళు తెప్పించుకుంటా. అలిగి లాభం లేదు."

ఆయన పోయాక బావ గుంజ దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఒకదాని నిప్పుతో ఇంకోటి ముట్టిస్తూ పోయాడు. అక్క వెళ్ళి ఆయన చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యండి. నా మీద."

"ఎందుకే ఇవన్నీ..."

"వెయ్యండి."

వేశాడు. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు చొక్కా వాసన వేసింది. అక్క కంచం పక్కకి తోసేసింది.

"తాడో పేడో ఇవాళే తేలిపోవాలి. నా మీద ఒట్టేసి తప్పారంటే నేను పోయినా ఫర్వాలేదనేగా?"

"అది కాదే. నువ్వు ఏడుస్తుంటే నాకు ఊపిరాడదు. ఊపిరాడనప్పుడు చెయ్యి దాని మీదికే పోతుంది. నేను పంపట్లేదు, అదే పోతోంది."

"అయితే మీ కాలు కుళ్ళిపోతుంటే నన్ను నవ్వమంటారా?"

బావ కాలు బల్ల కిందికి జరుపుకున్నాడు. అప్పుడు చూశాం. చిటికెన వేలి పక్క వేలు కూడా గోరు చుట్టూ నీలంగా మారుతోంది.

*

ఆ రోజు నుంచి నడక నాది. బావ గుంజ దగ్గర స్టూలు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. రాట్నం దగ్గర అక్క. ఇద్దరి మధ్యా వెనక్కి నడుస్తూ నేను.

"బామ్మర్దీ, ఆ తాడుతో మేకని కట్టేస్తే అది జాలిపడి నిలబడాలి తప్ప తాడు ఆపదు" అనేవాడు బావ. అయినా గొంతులో సరదా ఉండేది కాదు. అక్క తల ఎత్తేది కాదు. రాట్నం కిర్రుమనడం తప్ప షెడ్డులో చప్పుడు ఉండేది కాదు. చావు ఇంట్లో తాడు పేనుతున్నట్టుండేది నాకు.

నార నానబెట్టే సిమెంటు తొట్టి ఒకటి షెడ్డు పక్కగా ఉంటుంది. నీళ్ళు పచ్చగా, నాచు పట్టి, ముక్కు మూసుకునే వాసన. ఆ మధ్యాహ్నం వేళ్ళ సందుల్లో నార చూసుకుంటూ నడుస్తున్నవాణ్ణి, దారి తప్పి పక్కకి జరిగానని తెలియలేదు. మోకాళ్ళ వెనక తొట్టి గట్టు తగిలింది. అంతే, నార మోపుతో సహా వెల్లకిలా లోపల పడ్డాను. కాళ్ళు మాత్రం బయట.

అక్క ఎక్కడో లోతు నుంచి ఉబికి వచ్చినట్టు, ఆపుకోలేక, రాట్నం మీద వాలిపోయి నవ్వింది.

"డిగ్రీ చదివి తొట్లో పడ్డావా! నేను కాపురానికొచ్చిన మొదటి రోజే ఒక్క తప్పు లేకుండా రాట్నం తిప్పాన్రా!"

"తప్పు లేకుండానా!" అన్నాడు బావ. ఆయన అప్పటికే కుంటుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆయనా నవ్వుతున్నాడు. ఆ నవ్వులో నోరు జారింది. జారినట్టు తెలిసి నోరు మూశాడు.

అక్క నవ్వు ఆగింది. "అంటే?"

"ఏం లేదులే."

"ఏం లేదంటే ఏదో ఉందని. చెప్పండి."

బావ తల గోక్కున్నాడు. "పేటల పురి ఒక వైపు తిరిగితే, మూడు పేటలూ కలిపి మోకు చేసేటప్పుడు దానికి ఎదురు వైపు తిప్పాలి కదా. నువ్వు ఆ రోజంతా ఒకే వైపు తిప్పావు."

"రోజంతానా?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా. వదిలితే చాలు, మోకు మోకంతా విచ్చుకుపోతోంది. నేను కొసలు గట్టిగా పట్టుకుని గుంజకి కట్టేస్తూ పోయా."

"మరి చెప్పొచ్చుగా!"

"వసారాలో మా అమ్మ కూర్చునుంది. నువ్వేమో వచ్చి ఒక్క రోజు. అంత ఇదిగా తిప్పుతున్నావు, చెమట కారిపోతూ. చెప్తే నీ మొహం చిన్నబోతుందని... తర్వాత నేనే విప్పి మళ్ళీ పేనాన్లే. మెల్లగా, ఒక్కోటీ."

వసారాలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఒరే, ఆ లాటు పాడైందేంట్రా అంటే నార మంచిది కాదన్నావు!"

"నారేం మాట్లాడుతుందమ్మా, దాని మీద తోసేశా."

అక్క నా ఒంటి మీది నాచు తుడవడానికి తువ్వాలు తెచ్చి, నాకివ్వకుండా తన మొహమే తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో కొత్తగా పెళ్ళయిన ప్రతి పిల్లకీ తన మొదటి రోజు గొప్ప చెప్పుకుంటూ వచ్చింది. అవన్నీ పక్కన కూర్చుని వింటూ వచ్చాడు ఈ మనిషి.

సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్యే ముందు చూసింది. "చెవిలో పువ్వెందుకురా?"

బావ చెవి సందులో సిగరెట్టుంది. నేను తొట్లో పడకముందు ముట్టించుకోడానికి తీసింది. ఆయన తీసి, దానికేసి వింతగా చూశాడు.

"మర్చిపోయా" అన్నాడు.

అక్క నా వంక చూసింది. నేను అక్క వంక చూశాను.

*

కిటుకు దొరికిందనుకున్నాను. "అక్కా, నువ్వు నవ్వుతూ ఉండు, చాలు" అన్నాను మర్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, అంత తేలిగ్గా చెప్పేశాను.

పాపం, అక్క నవ్వింది. రాట్నం తిప్పుతూ, ఊరికే, పళ్ళన్నీ కనపడేలా. బావ కాసేపు చూశాడు.

"నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని ఇందుకే అంటారేమో" అని అగ్గిపుల్ల గీశాడు.

అక్క రాట్నం వదిలేసి నా మీద పడింది. "నవ్వంటే రాట్నమట్రా, తిప్పితే వచ్చేయడానికి? లోపల నాకు రంపం కోస్తోంది. ఆ చిటికెన వేలు చూశావా? ఈ పొద్దు ఇంకా నల్లబడింది."

నార కట్టుకుని నడక మొదలుపెట్టాను. అక్క కోపంగానే తిప్పుతోంది. కొంచెం దూరం వెళ్ళానో లేదో, నన్ను దాటించి, గుంజ దగ్గరికి వినపడేలా అడిగింది.

"ఏమండీ, ఆ మోకులన్నీ మీరొక్కరే మళ్ళీ పేనితే రాట్నం ఎవరు తిప్పారు?"

"ఏంటీ?"

"రాట్నం ఎవరు తిప్పారంటున్నా!"

"కాలి బొటనవేలికి తాడు కట్టుకుని నేనే లాగాను!"

అక్కకి నవ్వొచ్చింది. ఈసారి నిజంది. "మీకు వేళ్ళతో ఎప్పుడూ ఏదో ఒక పనే" అని, అన్నాక మాట గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. కానీ బావ నవ్వాడు. ఆ వేలి మీద ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

కాసేపు తిప్పి మళ్ళీ అక్కే అంది. "నాకు జ్వరమొచ్చి లేవలేనప్పుడు మీరు నాకు జడేశారు. గుర్తుందా?"

"ఎందుకు లేదు!"

"అది జడ కాదు, మూడు పేటల మోకు. విప్పడానికి మీ అమ్మకి పూటంతా పట్టింది."

"తెగిందా? తెగలేదుగా!"

పక్కింటి గోడ మీదుగా ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ మాటలు నా నెత్తి మీదుగా అటూ ఇటూ పోతున్నాయి. నేను ఆ ఇద్దరి నడుమా నార మోసుకుంటూ, దేనికీ సంబంధం లేని కొక్కెంలా జరుగుతున్నాను.

అక్క ఇంకేదో మొదలుపెట్టింది. "మా నాన్న పోయి నేను తిరిగొచ్చినప్పుడు మీరు..." అని ఆగింది.

"నేనేం?"

"అరిచి చెప్పే మాట కాదు."

బావ చేతిలో సగం ఖాళీ అయిన సిగరెట్ పెట్టె ఉంది. దాని వంక, అంత దూరాన రాట్నం వంక మార్చి మార్చి చూశాడు. లేచాడు. షెడ్డు పొడుగునా, పిక్క పట్టిన చోట నిలబడుతూ, మళ్ళీ నడుస్తూ, అక్క దగ్గరికి వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ తల వంచి మెల్లగా చెప్పింది. నాకు వినపడలేదు. పెట్టె స్టూలు మీద ఉండిపోయింది.

అలా మొదలైంది. గుంజ మీది బొమ్మని అక్క ఎప్పుడు తీసేసిందో నేను చూడలేదు. ఆవిడ ఆలోచించి వేసిన ఎత్తు అని ఇప్పటికీ అనుకోను. ఏళ్ళ తరబడి మనసులో పడి ఉన్నవి, చెప్పాల్సిన పని లేదనుకున్నవి, ఒకటి లాగితే ఇంకోటి వచ్చాయి. నవ్వేవి పెద్దగా అరిచి చెప్పేది. తక్కినవి చెప్పాలంటే ఆయనే రావాలి. బావ కూడా ఊరుకోలేదు, తన లెక్కలో ఉన్నవి తీశాడు. "నువ్వు మొదటిసారి చేసిన కూర మా అమ్మ పారబోస్తే దొంగతనంగా తిన్నది నేనే" అని ఒకరోజు కొస నుంచి కేకేశాడు.

"కాలు కుళ్ళుతుంటే ఈ కిచకిచలేంటి? వీధంతా వింటోంది" అని అత్తయ్య చిరాకు పడేది. విసుక్కుంటూనే మధ్యలో ఆగితే మాత్రం వసారాలోంచి, "ఆఁ, తర్వాత?" అనేది.

సిగరెట్లు ఒక్కసారి పోలేదు. మంచి రోజు వెనక చెడ్డ రోజు ఉండేది. మేస్త్రీ మనిషి వచ్చి తొందరపెట్టి వెళ్ళిన రోజున వరసగా కాల్చాడు. అక్క చూసింది, ఏడవలేదు, తిట్టలేదు. రాట్నం ఆపి, ఆయన కాల్చడం అయ్యేదాకా కూర్చుంది. అది చూడటం నాకు తిట్లకంటే కష్టమైంది.

*

మబ్బు పట్టింది. చినుకు లేదు గానీ ఉక్క. రేవుకి మోకులు దింపాల్సిన రోజు. బావ వెళ్ళే పరిస్థితి లేదు. నేను వెళ్తానంటే, "నీకు మేస్త్రీతో మాట్లాడ్డం రాదు" అని అక్కే బండి మాట్లాడుకుని వెళ్ళింది. అత్తయ్య కూడా తోడు వెళ్ళింది.

మధ్యాహ్నానికి బావ పాదంలో నొప్పి లేచింది. అంత నొప్పి నేను చూడలేదు. స్టూలు మీంచి కిందికి జారి, గుంజని రెండు చేతులా కౌగలించుకున్నాడు. పళ్ళు పటపటమంటున్నాయి. మాత్ర ఇచ్చాను. పని చెయ్యలేదు.

"బామ్మర్దీ, ఆ మూల నార మోపులో పెట్టె ఉంది. తీసుకురా."

"బావా, వద్దు."

"ఒక్కటి. ఒక్కటి కాలిస్తే ఈ క్షణం గడుస్తుంది."

"అక్క..."

"మీ అక్క లేదుగా!" అని నా మణికట్టు పట్టుకున్నాడు. తాడు పేనిన చెయ్యి. విడిపించుకోవడం నా వల్ల కాలేదు. "నువ్వు తేకపోతే పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకుంటా. చూస్తావా?"

తెచ్చాను. ఏం చెయ్యను? ఆయన మోకాలి మీద పెట్టాను. అగ్గిపెట్టె కూడా దాంతోనే ఉంది. ఏదైనా మంచిమాట చెబుదామని నోరు తెరిచాను. "బావా, నువ్వు నాకు సైకిల్ నేర్పించినప్పుడు..." అన్నాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది. ఆయన విననే లేదు.

పెట్టె మూత తెరిచాడు. ఒకటి తీశాడు. పెదాల దాకా తీసుకెళ్ళి, దాన్ని అక్కడే పట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"నిన్న మీ అక్క ఒకటి సగంలో ఆపింది. మా అమ్మ అడ్డమొచ్చేసరికి. తెలుసా నీకు?"

"ఏది?"

"నన్ను చూడ్డానికి మీ వాళ్ళు మా ఇంటికొచ్చారే, ఆ రోజు సంగతి. మీ అక్క రాట్నం చూద్దామని షెడ్డులోకి వచ్చిందట. నేను చూడలేదు. నేను ఎవరితోనో మాట్లాడుతున్నానట. ఏం మాట్లాడానో చెప్పేలోపు ఆగిపోయింది. ఎవరితో మాట్లాడానురా? ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు."

నాకు తెలుసు. అక్క ఎప్పుడో మా అమ్మతో అంటుంటే విన్నాను. అది విన్నాకే అక్క ఈ సంబంధానికి ఊఁ అంది.

"అక్కే చెప్పాలి బావా."

"నువ్వు చెప్పు."

"నేను చెబితే అది మామూలు మాటే."

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. నా మణికట్టు వదిలాడు. సిగరెట్టు వేళ్ళ మధ్యే ఉంది. వెలిగించలేదు, పారేయలేదు. వీధి మలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా గుంజని పట్టుకునేవాడు. పోయినప్పుడు మళ్ళీ వీధి వైపు. నేను పక్కనే కూర్చుని, నార చిక్కు తీస్తున్నట్టు నటిస్తూ ఆ చేతినే చూస్తున్నాను. తొలి చినుకులు షెడ్డు రేకుల మీద పడ్డాయి. ఆయన తల ఎత్తలేదు.

బండి చప్పుడైంది. అత్తయ్య వసారాలోకి పోయింది. అక్క తల మీద కొంగు కప్పుకుని దిగింది. రాట్నం వైపు తలుపులోంచి లోపలికి వచ్చింది. మోకులు తీసుకున్నారని మొహమే చెప్తోంది.

"ఆ రోజు నేను ఎవరితో మాట్లాడానే?" అని అరిచాడు బావ, అవతలి కొస నుంచి.

అక్కకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయన్ని చూసింది. నేల మీద కూర్చోవడం, మోకాలి మీది పెట్టె, వేళ్ళ మధ్య వెలగని సిగరెట్టు, అన్నీ చూసింది. తడిసిన కొంగు పిండుకుంటూ రాట్నం దగ్గర తన చోట కూర్చుంది.

"అరిచి చెప్పే మాట కాదు" అంది.

బావ గుంజ పట్టుకుని లేచాడు. పెట్టె కింద పడింది. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. వాన హోరులో, అంత పొడుగు షెడ్డూ, ఆగి ఆగి, ముందుకు నడిచాడు.

*

వానలు నిలదొక్కుకున్నాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కట్టు విప్పుతున్నంతసేపూ అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ నొక్కింది, తిప్పింది, పాదం మీద వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. నీలమైన వేలు ఎర్రబడింది. పుండు చుట్టూ కొత్త చర్మం.

"చిటికెన వేలు దక్కదు. అది తీసేస్తాను. పాదం ఉంటుంది."

అక్క గోడ మీద చెయ్యి ఆనించింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి బావ ఎదురుగా కూర్చుంది. "నేను చెప్పినవాళ్ళలో చాలామంది మానలేక కాళ్ళు పోగొట్టుకుని వస్తారు. ఆ బొమ్మ చూసి భయపడి మానేశావా?"

"బొమ్మ చూస్తే ఇంకోటి కాల్చబుద్ధేసేదమ్మా."

"మరి ఎలా మానావు?"

బావకి అబద్ధం చెప్పడం ఇష్టం లేనట్టుంది.

"మానలేదమ్మా. ఈవిడ చెప్పేది అయ్యాక ఒకటి కాలుద్దామని ఆగానంతే. ఈవిడది అవదే!"

డాక్టరమ్మ అక్క వైపు చూసింది. అక్క అప్పటికే చెప్పులు వేసుకుని, బావ చెప్పులు కూడా తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గర పెడుతోంది.

"ఇంకా సగం కూడా అవలేదు" అంది.